నా బరువూ, ముందు చక్రం స్ప్రింగులూ

కూర్చో బుజ్జమ్మా, సరిగ్గా కూర్చుని విను. చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ సొంత తెలివి కలపకు. ఆ రోజుల్లో, అంటే రెండు వేలు దాటిన కొత్తల్లో, మా మలికిపురంలో ఆడది వెనక ఎక్కాక బండికి ఏం జరిగినా తప్పు ఆడదానిదే. రోడ్డు తప్పు ఉండదు, నడిపేవాడి తప్పు అసలే ఉండదు.

మీ చిన్నతాతయ్య, అదే మా మరిది, ఎవరో వాడేసిన విదేశీ రేసు బండి ఒకటి కొన్నాడు. ఎర్రగా, ముందుకు వంగి, వెనక సీటు అటక మీద పీటలా ఉండేది (ఎక్కడానికి నాకు వీధరుగు కావలసి వచ్చేది). దాని ముందు చక్రాన్ని పట్టుకున్న రెండు గొట్టాల్లో స్ప్రింగులుంటాయి. ఒక్కో గొట్టం నెత్తిన ఒక నట్టు, నట్టు మధ్యలో చిన్న స్క్రూ. నట్టు తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది. స్క్రూ తిప్పితే, అణిగిన స్ప్రింగు పైకి లేవడం నెమ్మదిస్తుంది. మరిది రెండు వైపులా అన్నీ చివరికంటా బిగించేశాడు. "గట్టిగా ఉంటేనే మన గుంతలకి ఆగుద్ది వదినా" అని సిద్ధాంతం.

అప్పుడు పలివెలలో మా ఆడపడుచు కడుపుతో ఉంది. పూతరేకులు తినాలనుందని కబురు పెట్టింది. డబ్బా ఒళ్లో పెట్టుకుని బండెక్కాను. దారి పొడుగునా బండి మేకపిల్లలా గెంతింది. తీరా మూత తీస్తే లోపలంతా పొడి! "ఇదేంటి వదినా, విభూది తెచ్చేవా?" అంది పాపం, కళ్లలో నీళ్లు పెట్టుకుని. మరిది వెంటనే, "నేనేం చేసేదక్కా? వదినెక్కితే బండి గుంతలకి ఆగట్లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. ముందే బస్సులో వచ్చిన మీ తాతయ్య కూడా. నాకు తల కొట్టేసినట్టయింది. "వచ్చే ఆదివారం మళ్లీ తెస్తాను. ఒక్కటి విరిగినా జన్మలో ఈ బండెక్కను" అనేశాను.

అన్నానే గానీ, లోపల భయం. నిజంగా నా బరువేనేమో అని నాలుగు రోజులు పొద్దున్న ఇడ్లీ మానేశాను (ఎవరికీ చెప్పకు). అయిదో రోజు కళ్లు తిరుగుతూ జాకెట్టు కుడుతుంటే మిషను మీద దారం పటపటా తెగింది. చూస్తే దారాన్ని బిగించే మర మరీ బిగుసుకుపోయి ఉంది. చేత్తో వదులు చేస్తుండగా ఠక్కున తట్టింది: దారం తెగితే మర చూస్తాం గానీ, కుట్టేదాని బరువు చూస్తామా?

టేపు, ఎర్రదారం, సుద్ద పట్టుకుని బండి దగ్గరకి పోయాను. "ఏంటి వదినా, బండికి జాకెట్టు కుడతావా?" అన్నాడు మరిది. "ఆయ్, కొలతలు తీయాలి, ఎక్కు" అన్నాను. స్ప్రింగు అణిగితే లోపలికి జారే మెరిసే గొట్టానికి, అంచున దారం కట్టి, ఇద్దరం ఎక్కి దిగాం. దారం అరంగుళం కూడా జరగలేదు. అంటే స్ప్రింగు అణగడమే లేదు! నట్లు ఒక్కో చుట్టూ వదులు చేశాను. ఎడమకెంతో కుడికంతే, లెక్క ట్యాంకు మీద సుద్దతో రాసి. మరీ వదులు చేసి తోలిస్తే, కాలవ వంతెన దిగేటప్పుడు బండి ముక్కు ఠంగున కొట్టుకుంది. మళ్లీ కాస్త బిగించాను. దారం ఒకటిన్నర అంగుళం జరిగే చోట ఆపి, స్క్రూలు కూడా అలాగే సగానికి వదులు చేశాను. సాయంత్రానికి చూస్తే ట్యాంకంతా నా లెక్కలే, నా ముఖమంతా సుద్దే.

ఆదివారం పలివెలలో ఆడపడుచు మూత తీసింది. నేను కళ్లు మూసుకున్నాను. "వదినా! ఒక్కటీ విరగలేదే!" అంది. ఒకటి నోట్లో పెట్టుకుని, ఇంకోటి చేత్తో పట్టుకుని, తమ్ముణ్ని చూసి, "ఏరా, ఇవాళ వదిన బరువు ఇంట్లో పెట్టొచ్చిందా?" అంది. మరిది తలొంచుకుని, "వదినా, మా ఫ్రెండు బండి కూడా కాస్త చూస్తావేంటి?" అన్నాడు. చూస్తానన్నాను, కానీ ముందు ఇడ్లీ పెట్టించమన్నాను. ఆ పూట ఎనిమిది తిన్నాను.

ఇప్పటికీ నాకు ఆ ఎనిమిది కాదు, ముందు మానేసిన నాలుగు రోజులే గుర్తొస్తాయి. ఆకలితో మిషను ముందు కూర్చున్న ఆ పిచ్చిపిల్ల ఇప్పుడు కనిపిస్తే, పక్కన కూర్చోబెట్టుకుని చెబుదును, అమ్మాయ్, తప్పు నీ బరువుది కాదే, ఆ బిగించినవాళ్ల...

"అత్తయ్యగారూ, అన్నం చల్లారిపోతోందండీ!"

ఆయ్, వస్తున్నా వస్తున్నా! కంచం నిండా పెట్టమని మీ అమ్మతో చెప్పు బుజ్జమ్మా, నేను మాత్రం ఇంక జన్మలో ఒక్క పూటైనా తిండి...