పోపు వేసి చూసిన బస్సు

ఇరవయ్యారేళ్ళ వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. నాకైతే అసలే ఉండేది కాదు. నేను చెప్పబోయే ఆ రోజుల్లో దక్షిణాఫ్రికాలో అన్నీ కొత్తగానే ఉండేవి. కొత్త జెండా, కొత్త చట్టాలు, సముద్రపు ఒడ్డున 'తెల్లవాళ్ళకి మాత్రమే' అన్న బోర్డులు పీకేసిన చోట మిగిలిపోయిన రెండేసి మేకులు. ఆ కొత్తల్లోనే నేను కాకినాడ నుంచి ఊడిపడి, టోంగాట్‌లో ఒక చక్కెర మిల్లు లాబొరేటరీలో చేరాను. చెరకు రసాన్ని సీసాల్లో పోసి అందులో తీపెంత ఉందో తేల్చడం నా పని. కానీ నేను అద్దెకున్న ఇంటి మావయ్య మాత్రం నన్ను అందరికీ "ఇండియా ఇంజనీరు" అని పరిచయం చేసేవాడు. మొదటిసారి సరిదిద్దుదామనుకున్నాను, రెండోసారికి అలవాటైంది, మూడోసారికి నిజమే కాబోలు అనిపించింది.

మావయ్య తాతగారు విశాఖపట్నం వైపు నుంచి ఇక్కడి చెరకు తోటల్లో కూలికి వచ్చారట. మనవడి దాకా వచ్చేసరికి తెలుగులో వరసలు, తిట్లు, రెండు భజన పాటలు మిగిలాయి. మిగతాదంతా ఇంగ్లీషే. ఆయన భార్య అత్తమ్మకి అంతకంటే కొంచెం ఎక్కువ వచ్చు. మావయ్య మా మిల్లులోనే పనిచేసి రిటైరయ్యాడని తెలుసు గానీ, ఏ సెక్షనో నేనెప్పుడూ అడగలేదు. (ఆ వయసులో మన గురించి చెప్పుకోవడమే తప్ప ఎదుటివాళ్ళని అడగాలని ఎవరికి తోస్తుంది?) రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకి ఒకటే కోరిక. దక్షిణపు ఒడ్డు పొడుగునా, చిన్నప్పుడు కంచె బయట నిలబడి మాత్రమే చూసిన, చక్రాల ఇళ్ళు నిలుపుకునే క్యారవాన్ పార్కుల్లో ఒక్కోదాంట్లో ఒక్కో వారం ఉండి రావాలి. అడ్డం అత్తమ్మే. ముక్కూ మొహం తెలియని వంటింట్లో వండింది ఆవిడ ముట్టదు. హోటలు మాటెత్తితే చాలు "ఐకోనా" అనేసి (కుదరదంటే కుదరదని ఇక్కడి మిల్లు భాషలో అలా అంటారు) లేచి వెళ్ళిపోయేది. సరే, వంటిల్లునే చక్రాల మీద పెట్టి తీసికెళ్దామని మావయ్య ఆలోచన. పీటర్‌మారిట్స్‌బర్గ్ దాటాక కొండ మీద ఒక ముసలి దొర పాత సిటీ బస్సుని ఇల్లులా మార్చుకున్నాడని, ఇప్పుడు దాన్ని అమ్మేస్తున్నాడని పేపర్లో చూశాడు.

"అబ్బాయ్, నువ్వొచ్చి సెక్ సెయ్యాల. నువ్వు ఓకే అంటే తీసుకుంటాం, నో అంటే ఫినిష్," అన్నాడు.

బస్సుల గురించి నాకు తెలిసిందల్లా వెనక సీట్లో కూర్చుంటే ఎగిరిపడతామని. ఆ మాట చెప్పి తప్పుకోవచ్చు కదా? చెప్పలేదు. శనివారం పొద్దున్నే టై కట్టుకుని, లాబ్ నుంచి తెచ్చిన టార్చి, ఒక నోటుబుక్కు పట్టుకుని వీధి గుమ్మంలో నిలబడ్డాను.

వెనక తొట్టి ఉన్న మావయ్య చిన్న బండిలో ముందు సీటు మీద ముగ్గురం ఇరుక్కున్నాం. అత్తమ్మ ఒళ్ళో గుడ్డ కప్పిన బుట్ట. దారిలో రైస్‌థార్ప్‌లో మనవాళ్ళ కొట్ల దగ్గర బండి ఆపించి ఆవిడ కరివేపాకు కొంది. బస్సు చూడ్డానికి కరివేపాకెందుకో అడుగుదామనుకుని, ఇంజనీరు స్థాయికి తగ్గ ప్రశ్న కాదని మానేశాను. దారంతా నేనే మాట్లాడాను. యంత్రాల్ని ఎలా అంచనా వెయ్యాలి, మా కాకినాడలో మెకానిక్కులు ఎంత గొప్పవాళ్ళు, అదీ ఇదీ. మావయ్య ఊఁ అనలేదు గానీ అత్తమ్మ ప్రతి మాటకీ తలూపింది. నా పరిజ్ఞానానికి ఆవిడ ముగ్ధురాలైందని నాకు ఖాయంగా అనిపించింది.

దొర సన్నగా, పొడుగ్గా, నిక్కరూ మోకాళ్ళ దాకా మేజోళ్ళతో ఎదురొచ్చాడు. భార్య పోయాక బస్సుని కదపబుద్ధి కాలేదని ఇంగ్లీషులో చెప్పి, ఇంకేమీ చెప్పకుండా తలుపు తెరిచాడు. లోపలికి వెళ్ళాక నేను నోటుబుక్కు సంగతే మర్చిపోయాను. ఏది పట్టుకుని లాగితే అది ఇంకోటయ్యేది. గోడలోంచి బల్ల దిగింది, సీటు ఎత్తితే దుప్పట్ల పెట్టె, మంచం కింద మడిచిన కుర్చీలు. కుదుపులకి పళ్ళేలు పడకుండా అలమరలకి చిన్న చిన్న చెక్క గడియలు. ముందు అద్దం పైన ఊళ్ళ పేర్లు రాసిన గుడ్డ చుట్ట అలాగే ఉంది, దాన్ని తిప్పే పిడితో సహా. ఆ పిడిని ఎంతసేపు తిప్పానో చెప్పడానికి ఇప్పుడు కూడా సిగ్గే.

మావయ్య మాత్రం వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, "ఇలాటి బస్సే. మేం స్టాప్‌లో ఉంటే ఆగకండా ఎల్లిపోయేది. మాకు కాదు గదా," అన్నాడు మెల్లగా. నాకు ఇది మంచి బస్సే అయి తీరాలనిపించింది. దాంతో పరీక్ష మొదలవకుండానే ఫలితం తేలిపోయింది.

అయినా పరీక్ష పెట్టకుండా వదలలేదు. టైర్లని కాలితో తన్నాను. ఇంజను స్టార్టు చేయించి, సంగీతం విన్నట్టు తల వాల్చి విన్నాను. గోనెపట్టా మీద పడుకుని బస్సు కిందికి దూరి, ఒక పెద్ద ఇనప డబ్బా మీద టార్చి వేసి, "ఇదుగో అత్తమ్మా, ఇదే డిఫరెన్షియల్. బస్సుకి ప్రాణమంతా ఇక్కడే," అన్నాను. అది మంచినీళ్ళ ట్యాంకని దొర మర్యాదగా తెలియజేశాడు. దాని పక్కదాని గురించి చెబుతున్నానన్నాను. దాని పక్కన ఏమీ లేదు. బయటికొచ్చి టై దులుపుకుని, నిచ్చెనెక్కి పైకప్పు మీద నాలుగు చోట్ల వేలి కణుపులతో కొట్టి చూసి, "ఫస్ట్ క్లాస్. చుక్క నీరు దిగదు," అని ప్రకటించాను.

"నేనింకా సూడనేదు," అంది అత్తమ్మ.

బుట్ట పట్టుకుని బస్సెక్కింది. అందులోంచి ఇంట్లో వండి తెచ్చిన అన్నం, ఉడకబెట్టిన పప్పు, మూకుడు, నూనె, ఆవాలు, ఎండుమిరపకాయలు బయటికొచ్చాయి. "వంట సేస్తే తెలుస్తాది," అని బస్సులోని స్టవ్ వెలిగించింది. నూనె కాగింది, ఆవాలు చిటపటమన్నాయి, ఎండుమిరపకాయలు గుప్పెడు పడ్డాయి. ఆ ఘాటుకి ముందు దొర, తర్వాత మావయ్య, ఆఖర్న నేను దగ్గుకుంటూ కిందికి దూకాం. కళ్ళు తుడుచుకుంటూ, ఇది అనుకున్న ప్రకారమే జరుగుతోందా అని దొర అడిగాడు. జవాబు చెప్పబోతూ తలెత్తి చూద్దును కదా, నేను ఫస్ట్ క్లాసిచ్చిన పైకప్పులోంచి పొగ వస్తోంది. ఒక చోట కాదు. వెనక కిటికీ మీద వరసగా ఆరు చోట్ల, మధ్యలో రెండు చోట్ల. తుప్పు పట్టిన కన్నాలన్నీ పెయింటు కింద దాక్కుని ఉన్నాయి.

దొర మొహం పాలిపోయింది. "నిజంగా నాకు తెలియదు. మేమిద్దరం ఇందులో బంగాళాదుంపలు ఉడకబెట్టుకోవడం తప్ప ఏమీ వండలేదు," అన్నాడు. నాకంటే ఆయనే నయం. నేను మావయ్య వైపు చూడలేక నేల చూపులు చూస్తూ, "మావయ్యా, నాకు బస్సుల గురించి ఏమీ తెలియదు. నేను ఇంజనీర్ని కూడా కాదు," అనేశాను. ఆయన కోరిక నా మూలంగా మట్టిలో కలిసిందని ఏడుపొక్కటే తక్కువ.

అత్తమ్మ గరిటతోనే దిగి వచ్చింది. పైకప్పుని అటు నుంచి ఇటు దాకా చూసింది. ముగ్గురు మగవాళ్ళం ఆవిడ నోటి వైపు చూస్తూ నిలబడ్డాం.

"లోపల పొగ నిలవనేదు. మంచి వంటిల్లే. తీసుకో," అంది మావయ్యతో.

మడత బల్ల మీద అందరం పప్పన్నం తిన్నాం. దొర మూడుసార్లు వడ్డించుకున్నాడు. అత్తమ్మ గిన్నెలు కడుగుతుంటే మావయ్య నన్ను బయటికి తీసికెళ్ళి బస్సుకి ఆనుకున్నాడు.

"ముప్పయ్యేళ్ళు మిల్లు లారీలు రిపేరు సేసినాను. ఇంజను పోయిన వారమే వచ్చి సూసినాను. రూఫ్ వెల్డింగ్ నేనే సేస్తాను, రెండు కన్నాలు వదిలేస్తాను ఆవిడకి," అన్నాడు.

"మరి నన్నెందుకు తెచ్చారు?"

"ఆవిడ రానంది. ఆళ్ళమ్మ పోయినాక నువ్వొచ్చేదాకా ఇంట్లో తెలుగు ఇనపడనేదు. దారంతా అబ్బాయి మాటాడతాడు అన్నాను, వచ్చింది. నీ మాట సగం తెలవదు ఆవిడకి. అయినా ఇంటాది."

తిరుగు ప్రయాణంలో తలొంచుకుని కూర్చున్నాను. నాలుగు మైళ్ళు పోయాక అత్తమ్మ మోచేత్తో పొడిచింది.

"సెప్పు, అబ్బాయ్."

"ఏం చెప్పమంటారు అత్తమ్మా?"

"ఏదేనా. బస్సే సెప్పు."

అందుకని టోంగాట్ చేరేదాకా బస్సుల గురించి, నాకు బొత్తిగా తెలియనిదంతా, చక్కటి తెలుగులో వివరించాను. డ్రైవ్ చేస్తున్న మావయ్య, ముప్పయ్యేళ్ళ మెకానిక్కు, ఒక్క తప్పూ దిద్దలేదు. అత్తమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఈమధ్యన బస్సుల గురించి నాకు నిజంగానే కొంత తెలిసింది గానీ, అంత శ్రద్ధగా వినే మనిషి మళ్ళీ దొరకలేదు.