తుఫాను బిల్డింగు దగ్గర పొయ్యి

తుఫాను పనులు మా పల్లెకు ఒకరు నేర్పనక్కర్లేదు. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారని ఫోను వస్తే చాలు, మగవాళ్ళు పడవలు పైకి లాగుతారు, ఆడవాళ్ళు వలలు మోస్తారు, నేను తుఫాను బిల్డింగు తాళం తీసి డేగిసాలు కడిగిస్తాను. ఆ బిల్డింగు పక్క గదిలోనే నా అంగన్‌వాడీ. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడ పిల్లలకు అన్నం పెడుతున్నాను కాబట్టి తుఫాను వంట కూడా నాదే. ఇందులో నాకు గర్వం ఉంది, దాచుకోను.

మా పద్ధతి ఏనాడూ మారలేదు. మొదటి రోజు పులిహోర పొట్లాలు, రెండో రోజు సాంబారన్నం, మూడో రోజు ఉప్మా. ఆ సాయంత్రానికి గాలి తగ్గుతుంది, ఎవరి చాప వాళ్ళు చుట్టుకుని ఇళ్ళకు పోతారు. పొట్లాల్లో చేప ముక్క వెయ్యం. చేపలు పట్టుకుని బతికే ఊళ్ళో ఇదేం విచిత్రమో నాకు తెలియదు, పదిమందికి పెట్టే తిండి అలాగే ఉండాలని మాకు ఒక పట్టింపు. ఇంకో కట్టుబాటు, వంట నా అంగన్‌వాడీ గదిలోనే, బిల్డింగులో ఎవరూ పొయ్యి ముట్టించకూడదు. ఊరంతా ఇరుక్కుని పడుకునే చోట నిప్పు వద్దని మా పెద్దకాపు పెట్టిన నియమం అది. పెద్దకాపంటే మా పల్లెలో తగాదాలు తీర్చే పెద్దమనిషి. ఆయన మాట దాటితే తప్పు కట్టాలి, అంటే జరిమానా.

మొన్న ఎండాకాలంలో, ఆకాశంలో ఒక్క మబ్బు కూడా లేని రోజున, నాలుగు కుటుంబాలు ఆ బిల్డింగు మెట్ల మీదికి చేరాయి. దూరాన ఈశాన్యం కొండల నుంచి వచ్చినవాళ్ళు. అక్కడ రెండు తెగల మధ్య కాల్పులు మొదలై, వీళ్ళ ఊరిని తగలబెట్టేశారు. ఏడాదికి పైగా ఒక కాలేజీలో పెట్టిన శిబిరంలో ఉన్నారట. ఆ తర్వాత ఒక మేస్త్రీ రొయ్యల కంపెనీలో పనికని ఇక్కడికి తెచ్చాడు. రొయ్యలు తగ్గి కంపెనీ మూతపడగానే మేస్త్రీ ఫోను కూడా మూగబోయింది. వాళ్ళుండే షెడ్డుకు తాళం పడింది.

"టీచరమ్మా, తుఫాను బిల్డింగులో పెట్టు. తిండి సంగతి నువ్వు చూసుకో" అన్నాడు పెద్దకాపు.

చూసుకున్నాను. గంటలో పులిహోర కలిపించాను. పక్క ఊరి చర్చి ఆడవాళ్ళు దుప్పట్లూ బ్రెడ్డూ తెచ్చారు. మైపాడు రోడ్డులోని కొట్టతను బియ్యం మూట దించిపోయాడు. అందరినీ వరసలో నిలబెట్టి, తోపులాట లేకుండా పొట్లాలు పంచాను. రెండో రోజు సాంబారన్నం, మూడో రోజు ఉప్మా.

నాలుగో రోజు పొద్దున్నే పెద్దకాపు వచ్చి, "వాళ్ళు ఎప్పుడు పోతారంట?" అని అడిగాడు. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు. నేనూ అదే ఎదురుచూస్తున్నాను. మా లెక్కలో మూడు రోజుల తర్వాత గాలి తగ్గిపోవాలి.

వాళ్ళలో ముప్పై ఏళ్ళ మనిషి ఒకామె ఉంది. భర్త కాల్పుల్లో పోయాడు, ఐదేళ్ళ కూతురు తప్ప వెంట ఎవరూ లేరు. ఆమెకు వచ్చిన తెలుగంతా రొయ్యల కంపెనీ తెలుగు. తల తియ్యి, తోలు తియ్యి, ఐసు వెయ్యి, తొందరగా. మనుషులతో మాట్లాడే మాట 'అక్కా' ఒక్కటే. మిగతాది హిందీలో నెట్టుకొచ్చేది. నాది సీరియళ్ళు చూసి నేర్చిన హిందీ కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. ఆ రోజు ఆమె నా దగ్గరికి వచ్చి మూడు వేళ్ళు పొయ్యిరాళ్ళలా ఆనించి చూపించి, "అక్కా, పొయ్యి కావాలి" అంది.

నాకు ఒళ్ళు మండింది. తెల్లారకముందే లేచి వండి చేతిలో పెడుతున్నాను, ఇంకా పొయ్యి ఎందుకు? మా వంట నోటికి పట్టలేదా? పులుపెక్కువైందా? ఆ మాటలన్నీ హిందీలో చెప్పడం చేతకాక, "కుదరదు, ఊరి కట్టుబాటు" అని తెలుగులోనే కసిరాను. ఆమె వెనక్కి తిరిగి పోయింది. మర్నాడు వాళ్ళవాళ్ళు మూటలు సర్దుకోవడం చూశాను. మళ్ళీ శిబిరానికే పోతామన్నారు. ఎలాగూ వరసలో నిలబడే తినాలంటే, అదేదో సొంత మనుషుల మధ్యే తింటామని ఆమె చెప్పింది. ఆ శిబిరం పక్కనే అప్పుడప్పుడూ తుపాకులు పేలుతున్నాయని ముందురోజు చెప్పింది కూడా ఆమే. ఎల్లుండి రాత్రి రైలు.

ఆ మధ్యాహ్నం మా పిల్లలు బయట నీడలో బువ్వాలాట ఆడుతున్నారు. ఇసక బియ్యం, కొబ్బరి చిప్పలు గిన్నెలు, ఒకతి అమ్మ, ఒకడు నాన్న. ఎప్పుడూ ఉండే ఆటే. ఆమె కూతుర్ని, ఆ కొండపిల్లను కూడా ఆటలోకి పిలిచి, "నువ్వు అమ్మ, వండు" అని చిప్ప చేతికిచ్చారు. ఆ పిల్ల చిప్ప పట్టుకుని కాసేపు చూసింది. తర్వాత మా పిల్లల్ని ఒక్కొక్కరినే భుజం పట్టుకుని తెచ్చి, ఒకరి వెనక ఒకరిని నిలబెట్టింది. వరస వంకరైతే సరిచేసింది. అప్పుడు తాను ఎదురుగా నిలబడి, ఒక్కొక్కరి చేతిలో పిడికెడు ఇసక పోసి, ముందుకు పొమ్మని చెయ్యి ఊపింది. అచ్చం నేను ఊపినట్టే.

ఆ పిల్లకు మూడేళ్ళప్పుడు ఊరు కాలింది. శిబిరంలో వరస, కంపెనీ మెస్సులో వరస, ఇక్కడ నా దగ్గర వరస. అమ్మ వండగా ఆ పిల్లకు తెలియదు. అది తెలిసే ఆ తల్లి పొయ్యి అడిగింది. నేను దాన్ని నా పులిహోరకు వంక పెట్టడమనుకున్నాను. సిగ్గేసింది.

సునామీ తర్వాత మేమూ డేరాల్లో ఉన్నాం. లారీల్లో పొట్లాలు వచ్చేవి, కడుపుకు లోటు లేదు. అయినా మా అత్త డేరా పక్కన మూడు రాళ్ళు పెట్టి, ఎక్కడినుంచో తెచ్చిన చట్టిలో ఉత్త నీళ్ళు కాచేది. వెయ్యడానికి ఏమీ లేదు, ఎవరూ అడగలేదు కూడా. "ఏందత్తా ఇది?" అని నవ్వితే, "నీళ్ళన్నా కాగనీ" అనేది. ఆమె పోయి పదేళ్ళయింది. ఆ నవ్వు నవ్వినందుకు నాకు ఆ మధ్యాహ్నం ఏడుపొచ్చింది.

నేరుగా పెద్దకాపు దగ్గరికి పోయాను. ఆయన చిల్లుపడిన వల ముందేసుకుని కూర్చున్నాడు.

"పొయ్యి ముట్టిస్తే వాళ్ళు ఇంక పోరు టీచరమ్మా" అన్నాడు. "రేపు తుఫానొస్తే మన పిల్లల్ని యాడ పెట్టేది?"

"వస్తే అందరం సర్దుకుందాం. పోయేదానికి వాళ్ళకు యాడుండాది ఇల్లు? మనం మూడు రోజులకు మన ఇంటికి పోతాం అన్నా. వాళ్ళు పోయేది తుపాకుల కాడికి."

ఆయన మళ్ళీ వల మీదికి వంగాడు. నాకు కోపం ఆగలేదు. "సునామీలో మా అత్త కాచిన నీళ్ళు నువ్వు కూడా తాగినావు. జ్వరంతో పడుంటే నీకు తెచ్చి పోసింది. గుర్తుండాదా?"

వల కండెను చేతిలో తిప్పుకున్నాడు. "బిల్డింగులో వద్దు" అన్నాడు చివరికి. "బయట, తూర్పుగోడ పక్కన పెట్టుకోమను. గోడకు పొగ పడితే సున్నం వాళ్ళే కొట్టాల."

తప్పు కట్టమంటాడేమో అని పోట్లాటకు సిద్ధమై పోయినదాన్ని, "కొడతార్లే అన్నా" అని వచ్చేశాను.

ఇటుకలు నేనే మోశాను. మా ఇంట్లో ఒక చట్టి, ఒక మూకుడు తెచ్చిచ్చాను. ఏం కావాలని అడిగితే ఆమె పచ్చిమిరపకాయలు, ఏదో ఒక ఆకుకూర అంది. తర్వాత కొంచెం మొహమాటపడి, దండెం మీద ఆరేసిన మా ఎండు సవళ్ళ వైపు చూపించింది. వాళ్ళ ఇళ్ళల్లో ఎండుచేప వెయ్యకుండా కూరే ఉండదట. ఇన్ని రోజులు ఎండుచేపల వాసన మధ్య కూర్చోబెట్టి పులిహోరా ఉప్మా పెట్టాను వాళ్ళకు. రెండు గుప్పెళ్ళు తీసిచ్చాను.

గాలికి రెండుసార్లు ఆరిపోయి, మూడోసారి పొయ్యి అంటుకుంది. ఆమె ముఖం మీద చెమటా బూడిదా. కూర ఉడికే వాసనకు మిగతా మూడు కుటుంబాలూ వచ్చి దూరంగా నిలబడ్డాయి. ఇద్దరు ఆడవాళ్ళు పోయి, ఇంకో మూడేసి ఇటుకలు ఏరుకొచ్చారు. రైలు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అన్నం దించగానే కూతురు తన పళ్ళెం తెచ్చుకుని పొయ్యికి రెండడుగుల దూరంలో నిలబడింది. చేతులు చాచి, పళ్ళెం గుండెకు సమంగా పట్టుకుని, తిన్నగా. వరసలో ఒక్కతే.

తల్లి ఆ పళ్ళెం తీసి పక్కన పెట్టింది. పిల్లను దగ్గరికి లాక్కుని తన పక్కన నేల మీద కూర్చోబెట్టుకుంది. ఆ పళ్ళెంలో అన్నం పెట్టి, ఊది, కూరతో కలిపి, ముద్ద నోట్లో పెట్టింది. పిల్ల నమిలింది, రెండోది తింది, తర్వాత పళ్ళెం తానే లాక్కుని గబగబా తినేసింది.

అయిపోయాక ఖాళీ పళ్ళెం చేతిలో పట్టుకుని ఆ పిల్ల మెల్లిగా తల తిప్పి వెనక్కి చూసింది. వెనక ఎవరూ నిలబడి లేరు. అప్పుడు పళ్ళెం మళ్ళీ అమ్మ ముందు పెట్టింది.