అన్న పోయిన రోజు మూడు బండ్ల పూలు

మొయినాబాద్‌లో మా పూల షెడ్డుకు అన్న యజమాని, నేను ఆపరేషన్స్ మేనేజర్‌ని. ఆ హోదా అన్న ఇచ్చిందే, కార్డు మీద అచ్చు కూడా వేయించాడు. చేవెళ్ల, చిల్కూరు, చిన్న మంగళారం పాలీహౌస్ రైతులతో మాట్లాడి జర్బెరా పూలు రప్పించేది ఆయన. పట్నంలో పెళ్లి డెకరేషన్లు చేసేవాళ్ల దగ్గర ఆర్డర్లు తెచ్చేదీ ఆయనే. ఆ రెండింటి మధ్యా ఉన్న పనంతా నాది. ఏ తోటలో ఎప్పుడు కోయాలి, కోసిన పూలు ఎంతసేపట్లో నీళ్ల బకెట్లలోకి చేరాలి, ఏ కట్ట ఏ బండి ఎక్కాలి, అన్నీ నేనే చూసేవాణ్ణి. మొదట్లో ఒక మనిషి రాకపోతే షెడ్డంతా గందరగోళమయ్యేది. నాలుగేళ్లు పట్టింది దాన్ని మాన్పించడానికి. గోడకు తెల్లబోర్డు పెట్టాను. ప్రతి పనికీ ఒక పేరు, ఆ మనిషి రాకపోతే చేయాల్సినవాళ్ల పేరు పక్కన. ఎవరు లేకపోయినా పని ఆగకూడదు. నా ఉద్యోగమంతా అదే.

ఆ రోజు పెళ్లిళ్ల ముహూర్తాలున్నాయి. అన్న పొద్దున్నే చేవెళ్ల దగ్గర ఒక తోట చూడటానికి వెళ్లాడు. తొమ్మిది దాటాక ఆయనతో వెళ్లిన డ్రైవరు ఫోన్ చేశాడు.

"అన్నా, పెద్దన్నకు ఛాతిల నొప్పి లేసింది. తోట కాడనే కూలవడ్డడు. దవాఖానకు తీస్కొచ్చినం."

"ఎట్లున్నడు?"

"డాక్టర్ సాబ్ చూసిండు. లేడంటున్నడు అన్నా."

"వస్తున్న" అని ఫోన్ జేబులో పెట్టుకున్నాను. నా ముందు మూడు బండ్లు వెనక తలుపులు తెరుచుకుని ఉన్నాయి. "రెండో బండ్ల తెల్లయి పైన పెట్టుండ్రి, కింద పెడితే నలుగుతయి" అన్నాను. గొంతు రోజూ ఉన్నట్టే ఉంది.

కబురు షెడ్డులో ఎట్లా తెలిసిందో తెలియదు. పూలు ఏరే పనిలో అందరికంటే పాత మనిషి, మేము అవ్వా అని పిలిచే ఆమె, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నిజమేనా?"

"నిజమే అవ్వా."

ఆమె బకెట్ల వైపు చూసింది. "తెల్లయి మంచియి ఓ పది కట్టలు తీసి పక్కకు పెట్టాల్నా? అన్నకు."

"వద్దు. ఆర్డర్‌కు తక్కువ పడ్తయి."

అవ్వ నా ముఖంలోకి చూసింది. వెళ్లి మళ్లీ కట్టలు కట్టడం మొదలుపెట్టింది. మూడో బండి రోడ్డెక్కాక నేను బైకు తీశాను. దారిలో రోడ్డు పని జరుగుతోంది. ఎర్రజెండా పట్టుకున్నతను ఆపితే అందరితో పాటు ఆగాను. అన్న చనిపోయాడని అతనికి చెప్పాలని తోచనే లేదు.

దవాఖానలో వదిన బెంచీ మీద కూర్చుని ఉంది. లోపల అన్న మీద దుప్పటి కప్పారు. మంచం కింద ఆయన చెప్పులు, వాటికి తోట మట్టి. నేను బయటికొచ్చి ఫోన్లు మొదలుపెట్టాను. పాస్టరు గారు, శవపేటిక, షామియానా, గుంత తవ్వేవాళ్లు, చుట్టాలను తెచ్చే బండ్లు. సాయంత్రానికల్లా ఏ ఒక్క పనీ మిగల్లేదు. ఎంత ధైర్యం అన్నారు చుట్టాలు. ధైర్యం కాదు. లోపల ఏమీ లేదు, అంతే.

మర్నాడు చర్చి నుంచి సమాధుల దగ్గరికి వెళ్లేటప్పుడు పేటిక మీద మా షెడ్డు పూలే ఉన్నాయి. మంచివన్నీ పెళ్లిమంటపాలకు వెళ్లిపోయాయి కాబట్టి మిగిలిన రెండో రకం పూలు. మెడలు వాలే పూలు. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో కాడకూ సన్నటి తీగ చుట్టి ఉంది, నిటారుగా నిలబడటానికి. అవ్వ నాకు చెప్పకుండా చేసిన పని అది.

షెడ్డు ఒక్క రోజు కూడా ఆగలేదు. రెండు వారాల తర్వాత పట్నం నుంచి ఒక డెకరేషన్ ఆయన అన్న కోసం ఫోన్ చేశాడు. సంగతి చెప్పాను.

"అయ్యో, మాకు తెల్వనే తెల్వదు. ఆ రోజు మాల్ టైంకే వచ్చింది గద సార్!"

వచ్చింది. అన్న లేని రోజును ఎవరికీ కనపడకుండా చేశాను.

నెల దాటాక పూలు తగ్గడం మొదలైంది. ముందుగా చిల్కూరు రైతు ఒకాయన పంపడం మానేశాడు. ఆయన తోటకు వెళ్లి అడిగాను. "నీ బండి టైంకొస్తది, టైంకు పోతది. తప్పు వెట్టను. మీ అన్న వస్తే జర సేపు కూసునేటోడు" అన్నాడు ఆయన, నీళ్ల పైపు సరిచేసుకుంటూ. ఆ పనికి నా బోర్డు మీద గడే లేదు. అదొక పని అని నేననుకోలేదు.

ఆ సాయంత్రం వదినకు చెప్పాను. "నేను పోత" అన్నదామె. "పూల సంగతి నాకు తెల్వది గని, కూసునుడు తెలుసు." తర్వాత అడిగింది, "ఆ రోజు బండ్లు పంపినంకనే వచ్చినవంట?"

"అవును వదినా." అవ్వ అడిగిన పది కట్టల సంగతి కూడా చెప్పేశాను.

"పదే అడిగిందా?"

"పదే."

ఆమె తిట్టలేదు. లేచి పొయ్యి మీది అన్నం చూడటానికి లోపలికి వెళ్లింది.

ఇప్పుడు వదిన వారంలో మూడు రోజులు తోటలకు వెళ్తుంది. చిల్కూరు ఆయన మళ్లీ పంపుతున్నాడు. ఆయన లాగే మానేసిన ఇంకో ఇద్దరు తిరిగి రాలేదు. మూడు బండ్లకు రెండే నడుస్తున్నాయి. శంకర్‌పల్లి వైపు కొత్త పాలీహౌస్‌లు వేస్తున్నారని విని నిన్న వదిన అటు వెళ్లొచ్చింది. నాకు ఏడుపు ఇంకా రాలేదు. ఈ మాట ఎవరికైనా చెబితే వస్తుందిలే అంటారు.