ఏడవడానికి తీరిక దొరకని మా దొడ్డమ్మ

కొల్లూరు దగ్గర కృష్ణ నడుమ ఉన్న లంకలో మా దొడ్డమ్మ పోయిందని పొద్దున్నే తెనాలిలో ఉన్న నాకు ఫోనొచ్చింది. "నిద్రలోనే పోయిందమ్మా, అదృష్టవంతురాలు," అన్నాడు బాబాయి. అదృష్టమట! ఒళ్ళు మండింది నాకు.

పెదనాన్న చనిపోయిన ఏడాదే కృష్ణకు వరదొచ్చి అరటితోట మొత్తం పడిపోయింది. ఇంట్లో మొలలోతు నీళ్ళు. అవి తగ్గడం మొదలవగానే దొడ్డమ్మ చీపురుతో దిగి, ఆ వరద నీళ్ళతోనే ఒండుమట్టిని గుమ్మం బయటికి నెట్టింది. నీళ్ళు పూర్తిగా పోయాక మట్టి గట్టిపడితే పలుగుకు కూడా లొంగదని లంకలో అందరికీ తెలుసు. అరుగు మీద కూలబడి ఏడుస్తున్న కొడుకుతో, "ఏడుపుకేం తొందర్రా? ఎప్పుడైనా ఏడవచ్చు. ముందు మట్టి నెట్టు," అంది.

తర్వాత కూడా వరదలొచ్చాయి. ఆ కొడుకే, మా అన్నయ్య, సేద్యం మానేసి బాపట్లలో ఏదన్నా పని చూసుకుంటానంటే, బతిమాలి మళ్ళీ అరటి పిలకలు నాటించింది. ఎవరు డీలాపడినా అన్నం కలిపి ముద్దలు పెట్టి మరీ లేపేది. ఆ ఇల్లు చెదరలేదంటే ఆవిడ చలవే. మరి ఆవిడకు ముద్ద పెట్టినదెవరు? ఆయాసంగా ఉందంటే, "నీకేంటి, ఉక్కు మనిషివి!" అనేవాళ్ళు. అది మెచ్చుకోలు కాదు, తప్పించుకోవడం.

ఒకసారి రేపల్లెలో సభ పెట్టి, కష్టాల్లో కుటుంబాన్ని నిలబెట్టిన తల్లి అంటూ శాలువా కప్పారు. బస్సులో వస్తూ నాతో అంది: "ధైర్యమేంటే, నా మొహం! దిక్కులేక చేశాను. లంకకి ఇంజను పడవ వేయించండి బాబూ అంటే శాలువా కప్పారు." ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ నవ్వుకే ఆవిడకు ఆయాసం ముంచుకొచ్చింది.

పెదకర్మ నాడు భోజనాలయ్యాక వదిన అత్తగారి మంచం పక్కన చతికిలపడి వెక్కివెక్కి ఏడ్చింది. బంధువుల్లో ఒక పెద్దావిడ ఆమె భుజం తట్టి, "ఊరుకోమ్మా. ఇక ఈ ఇంటికి నువ్వే ధైర్యం. నువ్వే ఇలా అయిపోతే ఎలా?" అంది.

"ఏడవనివ్వండి పిన్నిగారూ! ఈమెనైనా ఏడవనివ్వండి!" అని అరిచాను. అందరూ నన్నే వింతగా చూశారు.

వదిన మాత్రం చూడలేదు. అప్పటికే కొంగుతో మొహం తుడుచుకుని లేచి, "రాత్రి భోజనాలకి ఎంతమంది ఉంటారండీ?" అని అడుగుతోంది.