రామేశ్వరంలో నేను ఫస్టు వచ్చిన వైనం

ఆ కాలంలో గిద్దలూరు వీధుల్లో పెద్దమనిషి ఎవరైనా పరుగెత్తుతూ కనిపిస్తే జనం అతణ్ణి చూసేవారు కారు; అతని వెనుకకు చూసేవారు, తరుముకొస్తున్నది ఎద్దా, పిచ్చికుక్కా, పోలీసా అని. ఏదీ కనిపించకపోతే ఆ మనిషికే ఏదో అయిందని నిశ్చయించుకొని ఇంటికి కబురు పంపేవారు. ఇప్పుడు చూడండి: తెల్లవారకముందే మైదానం చుట్టూ రంగురంగుల బూట్లు, చెవుల్లో తీగలు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారాలు. మొన్న మా వీధి పిల్ల ఒకతె మారథాన్ పరుగుకని రామేశ్వరం వైపు పోతూ, "తాతయ్యా, ఆశీర్వదించండి" అని వచ్చింది. ఆశీర్వదించాను. ఆ అమ్మాయి గడప దాటగానే నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు. నలభై ఏండ్లకు పైబడిన కోపం అది: మా డ్రిల్లు మాస్టారి మీద, మా మేనత్త మీద, ఒక పురోహితుడి మీద, రామేశ్వరం ఎండ మీద. ఇంతకాలం దానిని ఎవరికీ చెప్పక భద్రంగా దాచుకున్నాను. ఇక దాచుకొనే ఓపిక లేదు.

అప్పటికి నాకు ఇరవై ఏడేండ్లు. ఆ ప్రాంతంలోనే ఒక హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. ఉద్యోగంలో చేరిన ఏడాదికే నాకు అర్థమైనదేమంటే, బడిలో లెక్కల పీరియడును ఎవరూ ముట్టరు, ఇంగ్లీషు పీరియడుకు అందరూ జడుస్తారు, తెలుగు పీరియడు మాత్రం ఊరుమ్మడి ఆస్తి. ఆటల పోటీలంటే తెలుగు పీరియడు, చెట్లు నాటడమంటే తెలుగు పీరియడు, పై అధికారి వస్తున్నాడు, మైదానంలో రాళ్ళు ఏరాలంటే అదీ తెలుగు పీరియడే. ఒకనాడు నేను ఎంతో శ్రమపడి గురువు, లఘువు, యతి, ప్రాస అంటూ నల్లబల్లంతా నింపి వెనక్కి తిరిగేసరికి తరగతిలో ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురిలో ఒకడికి కాలికి కట్టు ఉన్నది. తక్కినవాళ్ళను డ్రిల్లు మాస్టారు కబడ్డీకి తీసుకొనిపోయాడు. నేను మండిపడుతూ స్టాఫ్ రూముకు పోయి, "పరుగెత్తడానికి పాఠం ఎందుకయ్యా? అది మేకలు కూడా చేస్తాయి!" అన్నాను.

డ్రిల్లు మాస్టారు ఎర్రగొండపాలెం వైపు మనిషి, నాకంటె రెండేండ్లు పెద్ద. నింపాదిగా టీ తాగి గ్లాసు కింద పెట్టినాడు. "మేకలు చేస్తాయి సరే, పంతులుగారూ. మీరు చెయ్యగలరా? పుష్యమాసంలో రామేశ్వరంలో మారథాన్ ఉందంట, కాగితం వచ్చింది. నలభై రెండు కిలోమీటర్లు. ఆరు గంటల్లో ముగిస్తే సర్టిఫికెట్టు ఇస్తారు. పోయి తెచ్చుకోండి చూద్దాం."

అక్కడ నేను నవ్వి ఊరుకొని ఉంటే ఈ కథ లేదు. ఊరుకోలేదు. హెడ్మాస్టరును సాక్షిగా పిలిచి, స్టాఫంతా వింటుండగా ప్రతిజ్ఞ చేశాను. ఆరు గంటల్లో ముగిస్తే డ్రిల్లు మాస్టారు నెల దినాలు నా తొమ్మిదో తరగతి బెంచి మీద పిల్లల నడుమ కూర్చొని ఛందస్సు నేర్చుకోవాలి. ముగించలేకపోతే, జన్మలో పంచె తప్ప వేరొకటి కట్టని నేను నెల దినాలు నిక్కరు తొడుక్కొని బడికంతటికీ డ్రిల్లు చేయించాలి.

మర్నాటి నుండే సాధన మొదలైంది. నల్లమల గాలికి గిద్దలూరులో ఆ చలి నెలల్లో పొద్దున పండ్లు టకటకలాడతాయి. తలకు మఫ్లరు, ఒంటికి స్వెట్టరు, గోచి బిగించిన పంచె, కింద కాన్వాసు బూట్లు. (అద్దంలో చూసుకోలేదు, ఆ మాత్రం జ్ఞానం నాకున్నది.) ఎండ విషయంలో నాకు బెంగ లేదు. నేను పుట్టి పెరిగినది మార్కాపురం పలకల గనుల పక్కన. మే నెలలో ఆ రాతి కుప్పల నడుమ తిరిగినవాణ్ని రామేశ్వరం చలికాలపుటెండ ఏం చేస్తుందని ధీమా.

అసలు పొరపాటు ఒక ఆదివారం జరిగింది. సాధన ముదిరి, గిద్దలూరు నుండి కంభం దాకా పరుగెత్తి (నిజం చెప్పవలెనంటే సగం నడిచి) మా మేనత్త ఇంటి ముందు కూలబడ్డాను. మేనత్త మా నాయనకు చెల్లెలు, చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి, కంభంలో ఆమె మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. చెంబుతో నీళ్ళు తెచ్చి నా మొహాన కొట్టి, "ఏందిరా అబ్బీ, బస్సులు సచ్చినాయా? ఎవరు తరిమినారు నిన్ను?" అన్నది. నేను రొప్పుతూ రామేశ్వరం సంగతి చెప్పాను. పరుగు అన్న మాట ఆమె చెవిన పడనే లేదు. రామేశ్వరం అన్న మాట పడింది.

"మా అన్న పోయి పదేండ్లాయ. ఆడ పిండం పెట్టాలని ఎన్నిసార్లు మొత్తుకున్నా, నీకు సెలవు దొరకలా. ఇప్పుడు దొరికిందా? పద, నేనూ వస్తా."

"అత్తా, నేను పోతున్నది పందేనికి."

"పొద్దుటిపూట పందెం పెట్టుకో, ఆనక పిండం పెట్టు. నీకు అడ్డమొచ్చినానా?"

అంతే. ఊరంతా నేను తీర్థయాత్రకు పోతున్నానని తేల్చేసింది. రైలెక్కేరోజు స్టేషనుకు వచ్చి కొబ్బరికాయ కొట్టినవాళ్ళు కొందరు, మా తరఫున ఒక మునక వెయ్యమన్నవాళ్ళు కొందరు. "నేను పరుగెత్తడానికి పోతున్నాను!" అని ఆ ప్లాట్‌ఫారం మీద ఎంత అరచినా, "పోయిరా నాయనా, పుణ్యాత్ముడివి" అన్నారే గాని ఒక్కరూ వినలేదు. డ్రిల్లు మాస్టారు మాత్రం దూరంగా నిలబడి చెయ్యి ఊపినాడు. ఆ చెయ్యి ఊపడంలో ఎంత వెటకారమున్నదో నాకే తెలుసు.

రామేశ్వరం చేరిన సాయంత్రమే మేనత్త ఒక పురోహితుణ్ణి కుదిర్చింది. తెలుగు వచ్చిన మనిషే. ఆదివారం పది గంటలకని ముహూర్తం చెప్పినాడు. పందెం ఆదివారం ఐదున్నరకు మొదలు, పదకొండున్నరకు సరి. తీర్థంలో చేసే శ్రాద్ధానికి అంత గడియల పట్టింపు లేదనీ, సోమవారం చేసినా దోషం లేదనీ నేను శాస్త్రం ఎత్తి చెప్పాను. మేనత్త నావైపు చూడనైనా చూడలేదు. "నువ్వు సదివిన శాస్త్రం నువ్వు పెట్టుకో. ఆయన పదింటికన్నాడు, పదింటికే." ఆ పట్టుదలకు కారణం శాస్త్రం కాదు, సోమవారం ఆయనకు వేరే చోట పని ఉన్నది. ఆ రాత్రి కోపంతో నాకు అన్నం దిగలేదు.

ఆదివారం పరుగు మొదలైంది. సముద్రం పక్కన రోడ్డు మీద పోయి రావడం, మళ్ళీ పోయి రావడం. మొదటి గంట బ్రహ్మాండం. రెండో గంటలో ఎండ లేచింది, నా ధీమా దిగింది. మార్కాపురం ఎండ కొడుతుంది. రామేశ్వరం ఎండ ఉడికిస్తుంది. మా వైపు పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. అక్కడ ఆరదు, పంచె తడిసి బరువెక్కి, రెండు కాళ్ళకూ తడిబట్టలు చుట్టి నడిపించినట్టున్నది. కాలేజీ కుర్రవాళ్ళు నన్ను దాటిపోయారు. చెప్పులు లేని ఒక జాలరి దాటిపోయాడు. నన్ను దాటనివాడు ఎవడైనా ఉన్నాడా అని వెనక్కి చూస్తే ఎవడూ లేడు.

తొమ్మిదిన్నర వేళ వెనుక నుండి గుర్రపు డెక్కల చప్పుడు. జట్కా. అందులో మేనత్త, ఆమె పక్కన దర్భల కట్టతో పురోహితుడు.

"అబ్బీ, ఎక్కు బండి! టయిమయితాంది!"

"ఎక్కితే నా పేరు కొట్టేస్తారత్తా!"

"నీ పేరు కొట్టేస్తే మళ్ళా రాసుకోవచ్చు. మీ నాయన పేరు సంగతేంది?"

"అమ్మా, నాకు పదకొండింటికి ఇంకో పార్టీ ఉంది," అన్నాడు పురోహితుడు.

మేనత్త బండిలోంచి నావైపు వంగింది. "అట్లయితే పరిగెత్తతానే సంకల్పం సెప్పరా. పనిచేసేది కాళ్ళు గదా, నోరు ఖాళీగానే ఉండె."

"స్నానం చేయకుండా సంకల్పమేంది?" అన్నాను నేను. (కోపంలో నా గ్రాంథికం అప్పటికే ఊడిపోయింది.)

పురోహితుడు నన్ను పైనుండి కిందిదాకా చూసి, "తడిసే ఉన్నారు కదా," అన్నాడు.

ఆ తరువాత జరిగినదానిని ఏ ధర్మశాస్త్రమూ ఊహించి ఉండదు. జట్కాలో నుండి ఆయన ఒక ముక్క చెప్పడం, రోడ్డు మీద నేను రొప్పుతూ దానిని తిరిగి చెప్పడం. గోత్రం అడిగితే చెప్పాను. "వినపడలేదు!" అన్నాడు. అరచి చెప్పాను. నాయన పేరు చెప్పాను, తాత పేరు చెప్పాను. ముత్తాత పేరు దగ్గర నోరు ఆగిపోయింది. వేలకొద్దీ పద్యాలు కంఠస్థమైన నాకు, ముప్పయ్యో కిలోమీటరు దగ్గర సొంత ముత్తాత పేరు గుర్తుకు రాలేదు! మేనత్త జట్కాలో లేచి నిలబడి ఆ పేరును సముద్రానికి వినపడేలా అరచి, "థూ, నీ సదువు!" అన్నది.

అంతలో సైకిలు మీద ఈల ఊదుకుంటూ పందెం పెద్దమనిషి ఒకడు వచ్చినాడు. అతనిది అరవం, మేనత్తది కంభం తెలుగు. బండి పక్కన రాకూడదని అతడు, రోడ్డు నీ అబ్బదా అని ఈమె. చివరికతడు నా వైపు తిరిగి, తన గడియారం చూపించి, నా కాళ్ళు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి, జట్కా ఎక్కమని సైగ చేశాడు. దయతోనే చేశాడు. ఆ దయ నాకంటె ముందు మేనత్తకు తగిలింది. అంతవరకు నన్ను బండెక్కమని ప్రాణం తీసిన మనిషి, ఆ మాట పరాయివాడు చెప్పేసరికి భగ్గుమన్నది.

"ఏందయ్యా, మా పిల్లోడికి శాతగాదంటావా? కంభం దాకా పరిగెత్తినోడు వాడు!" అని బండి దిగేసింది. పురోహితుడితో, "సామీ, మీరు పదకొండింటి పార్టీకి పోండి. రేపు రాండి," అన్నది.

"రేపు నాకు వీలు... మరి మీ అన్నగారి సంగతి?"

"మా అన్న పదేండ్లు ఆగినాడు. ఇంకొక పూట ఆగతాడు. మీరు రేపు వస్తారు."

ఆ గొంతు విని ఆయన వస్తానన్నాడు. జట్కా వెనుదిరిగింది. మేనత్త కొంగు నడుముకు చుట్టుకొని నా పక్కన నడవసాగింది. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోక తప్పదు. ఆమె నడుస్తున్నది, నేను పరుగెత్తుతున్నాను; ఇద్దరమూ పక్కపక్కనే ఉన్నాము. దారిపొడుగునా తిట్టింది. నా నడక తిట్టింది, బూట్లు తిట్టింది, ఇంకా పెండ్లి చేసుకోనందుకు తిట్టింది. ఆగుదామనుకున్నప్పుడల్లా ఆమెకు బదులు చెప్పాలన్న కోపంతో ఇంకొక పది బారలు లాగాను. "ఆరు గంటల్లో ముట్టాల గదా, కదులు!" అంటూనే ఉన్నది. ముగింపు చోటికి చేరేసరికి పన్నెండు దాటింది. అక్కడ కట్టిన గుడ్డను ఇద్దరు మనుషులు విప్పి చుట్టుకుంటున్నారు. బల్లలు ఎత్తేశారు. ఎవరూ లేరు.

నేను ఇసుకలో పడిపోయాను. మేనత్త నాలుగు దిక్కులూ చూసింది. ముందర మనిషి లేడు, వెనుక మనిషి లేడు. ఆమె మొహం వెలిగిపోయింది. "ఒరే అబ్బీ! ఎవడూ రాలేదు గదరా ఇంకా! ఫస్టొచ్చినావురా!"

దిద్దడానికి నోట తడి లేదు.

మర్నాడు పురోహితుడు వచ్చినాడు. కాళ్ళు మడత పడక, ఒక కాలు సముద్రం వైపు చాపుకొని నాయనకు పిండప్రదానం చేశాను. నాయన జీవితంలో పరుగెత్తిన మనిషి కాడు, ఏమనుకున్నాడో తెలియదు.

బడికి పోగానే హెడ్మాస్టరు ముందు నిజం చెప్పాను: ముగించాను, వేళ దాటింది, ఓడిపోయాను. డ్రిల్లు మాస్టారు వెక్కిరిస్తాడనుకుంటే, "రేపటినుంచి మొదలుపెట్టండి" అని మాత్రమే అన్నాడు. ఆ శాంతం చూసి ఇంకా మండింది. అలా నాలుగోనాడు, మోకాళ్ళు గాలికి వదలి, నాలుగు వందల మంది పిల్లల ముందు "ఒకటి, రెండు!" అని అరుస్తుండగా, గేటు దగ్గర మేనత్త కనిపించింది. కంభం నుండి బస్సెక్కి, బడిలో అందరికీ పంచడానికి రామేశ్వరం ప్రసాదం తెచ్చింది. నా చెయ్యి లేస్తే నాలుగు వందల చేతులు లేవడం, నేను ఆగమంటే అందరూ ఆగడం కాసేపు నోరు తెరచుకొని చూసింది. పక్కనే చెట్టు నీడన నిలబడిన డ్రిల్లు మాస్టారి దగ్గరికి పోయి, నాకు వినబడేంత గట్టిగా, "సార్, మావోడు రామేశ్వరంలో ఫస్టొచ్చినందుకే గదా ఇస్కూలంతా వాడి సేతికిచ్చినారు?" అని అడిగింది.

నా చేతులు గాలిలోనే ఆగిపోయాయి. వెనుక ఉపాధ్యాయులందరూ ఉన్నారు. ఒక్క నవ్వు చాలు, ఆమె మొహం వాడిపోవడానికి. డ్రిల్లు మాస్టారు నావైపు చూశాడు, నా నిక్కరు వైపు చూశాడు, ప్రసాదానికి రెండు చేతులూ చాపినాడు.

"అవునమ్మా. ఫస్టొచ్చినోళ్ళకు తప్ప ఇయ్యం."

ఆ మాటను నేను ఈనాటికీ క్షమించలేదు. ఒక మనిషిని బ్రతుకంతా ద్వేషించాలని ఏర్పాటు చేసుకున్నవాణ్ని అంత తేలికగా నష్టపెట్టవచ్చునా? మేనత్త కడదాకా కంభంలో ఇంటింటా ఆ ఫస్టు సంగతి చెప్పుకొన్నది. పెండ్లి శుభలేఖల్లో అచ్చుతప్పులు సైతం ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపే నేను, ఆ ఒక్కదానిని దిద్దలేదు. డ్రిల్లు మాస్టారూ నేనూ రిటైరై చాలా కాలమైంది. రోజూ పొద్దున మైదానంలో కలిసి నడుస్తాము, నడిచినంతసేపూ పోట్లాడుకుంటాము: కాఫీ గురించి, కొత్త సిలబసు గురించి, ఎవరి మోకాలు ఎక్కువ పాడైందన్న దాని గురించి. ఆనాటి మాటకు కృతజ్ఞత చెప్పాలని నిన్న కూడా అనుకొని బయలుదేరాను. ఆయన అప్పటికే ఒక చుట్టు ముగించి, "ఏం పంతులుగారూ, ఇంత ఆలస్యం?" అన్నాడు. ఒళ్ళు మండి, చెప్పదలచినది చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను.