పసుపులో కలిసిపోయిన రబ్బరు

కరోనా రావడానికి ముందు ఏడాది. ఆర్మూర్ శివారులో ఓ చిన్న రబ్బరు యూనిట్‌లో నేను కాంపౌండర్‌ని. అంటే ముడి రబ్బరులో గంధకం, పౌడర్లు, రంగు ఏ పాళ్లలో కలపాలో తేల్చే మనిషిని. రంగు కుదర్చడంలో నా అంతవాడు లేడని కాస్త పొగరు కూడా ఉండేది.

పసుపు మిల్లు నడిపే రాజన్న పటేల్ ఓ రోజు నల్ల రబ్బరు పట్టీ పట్టుకుని వచ్చాడు. పసుపు కొమ్ములను మోసే బెల్టు పక్కల, సరుకు కింద పడకుండా బిగించే పట్టీ అది. మేము స్కర్టింగ్ అంటాం.

"నల్లదాని మసి పసుపుకు అంటుతున్నది శ్రీనివాస్. అచ్చం పసుపు లెక్కనే చేసియ్యి. కలిసిపోవాలె," అన్నాడు.

నల్ల రబ్బరుకు కార్బన్ బ్లాక్ అనే మసిపొడి రంగూ ఇస్తుంది, బలమూ ఇస్తుంది. అది తీసేస్తే సిలికా అనే తెల్లపొడితో బలం తేవాలి, ఆపైన రంగు వేయాలి. వేడి ప్రెస్‌లో ఉడికాక రంగు ముదురుతుంది కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడు లేతగా ఉంచాలి. నాలుగో బ్యాచ్‌కు కుదిరింది. కొమ్ము పక్కన పెడితే ఏది ఏదో నాకే తెలియలేదు. తిండి సరుకు తగిలే చోట నీలం రబ్బరు మేలని, ముక్క ఊడితే కంటపడుతుందని నాకు తెలుసు. పటేల్ మెచ్చుకుంటుంటే ఆ మాట నోటికి రాలేదు.

రెండు నెలలకు రబ్బరు ముక్కలున్నాయని పటేల్ అమ్మిన సరుకు తిరిగొచ్చింది. పిలిస్తే వెళ్లాను. బెల్టు దగ్గర రాళ్లూ చెత్తా ఏరే గంగామణిని పటేల్ అందరి ముందు నిలబెట్టాడు. జక్రాన్‌పల్లి నుంచి రోజూ వచ్చేది. ఆ కూలితోనే ఆమె ఇల్లు నడిచేది.

"కండ్లు యాడ వెట్టుకోని ఏరుతున్నవే?"

"మంచిగనే సూస్తున్న పటేలా. పసుపుల పసుపు రబ్బరుంటె ఎట్ల దొరుకుతది?"

ఆ మాట అనాల్సింది నేను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "రేపటి సంది రాకు," అన్నాడు పటేల్. ఆమె చేతి తొడుగులు విప్పి బెల్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

వారం తర్వాత నీలం పట్టీ చేసి తీసుకెళ్లి, తప్పు నాదేనని పటేల్‌కు చెప్పాను. పట్టీ బిగించుకున్నాడు. గంగామణి చోట మాత్రం అప్పటికే వేరే మనిషి ఉంది. సిగ్గు చంపుకుని జక్రాన్‌పల్లి వెళ్లాను. మక్క కంకులు ఒలుస్తూనే ఆమె అంతా విన్నది.

"గిది నాకు ఎర్కనే సారూ. గా దినం అందరి ముంగట చెప్తె అయిపోతుండె," అంది.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎప్పుడు, ఎవరి ముందు చెప్పామన్నది కూడా ఉంటుందని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఎవరు రంగు రబ్బరు అడిగినా, ముక్క ఊడితే ఏరేది ఎవరని ముందు అడుగుతాను. నీలం పట్టీ ఫార్ములా మాత్రం పటేల్ నల్ల పట్టీ పట్టుకొచ్చిన రోజుకే నా నోట్‌బుక్‌లో ఉంది.