అమ్మమ్మ తెచ్చిన క్యారియరు

1978లో నేను చంద్రగిరి వైపు ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా ఉన్నాను. పిల్లల కడుపునొప్పి మాకు రోజూ ఉండేదే. చాలావరకు నులిపురుగులు, మలబద్ధకం, మన్ను తినే అలవాటు. కొందరికి బడి అంటే భయం. మందిస్తే తగ్గేది, ఒక్కోసారి ఇవ్వకపోయినా తగ్గేది. ఆండాళుకు తగ్గలేదు.

ఏడేళ్ల పిల్ల. తండ్రి గుడి ఆఫీసులో గుమాస్తా. తల్లి పోయిన ఏడాదికి ఆయన వకుళను చేసుకున్నాడు. నొప్పులు మొదలైంది ఆ తర్వాతే. పిల్ల పాలిపోయి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని వచ్చేది. విరేచనం కష్టంగా అయ్యేది. పురుగుల మందు ఇచ్చినా లాభం లేకపోయింది.

పక్క వీధిలో ఉండే అమ్మమ్మ శేషమ్మ నన్ను ఓపీ గది బయటికి పిలిచింది.

“సిస్టరమ్మా, ఆమి ఏదో పెడతా ఉండాది. మా అల్లుడికి కండ్లు మూసుకుపోయినాయి.”

“ఏం పెడుతుందమ్మా?”

“పెట్టేవాళ్లు చెప్పి పెడతారా?”

తిండిలో మందు పెట్టారన్న మాట మా ప్రాంతంలో తేలిగ్గా పుడుతుంది, తేలిగ్గా పోదు. నేను నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు. వార్డులో ఉంచి మా రొట్టె, పాలు ఇస్తే పిల్ల తేరుకుంది. ఇంటికెళ్లిన కొన్నాళ్లకే మళ్లీ వచ్చింది. ఇంట్లోనే ఏదో ఉందని నాకూ అనిపించింది. వకుళ ఇరవై ఏళ్లది, ఎక్కువ మాట్లాడదు. ఆ మౌనం కూడా అనుమానంగానే కనిపించింది.

రెండోసారి చేర్చుకున్న రోజు శేషమ్మ మా ఎదుటే అల్లుడితో అంది. “బిడ్డ బతకాలంటే ఆమిని పుట్టింటికి తోలెయ్యి నాయనా. తోలవా, పిల్లని నాకిచ్చెయ్యి.”

“పిల్లకు కాస్త తగ్గనీ, ఈమెను పంపించేస్తాను” అన్నాడాయన, తల వంచుకుని. వకుళ పక్కనే నిలబడి ఉంది.

ఆనాటి నుంచి ఆమె వార్డులోకి రాలేదు. వరండాలో కూర్చునేది. శేషమ్మే రెండు పూటలా మడిగట్టుకుని వండి, అన్నం, చారు క్యారియరులో తెచ్చేది. “చిన్నమ్మని రానీ అవ్వా” అని పిల్ల అడిగితే, “నువ్వు చారు తాగు” అనేది.

నొప్పి తగ్గాలి. పెరిగింది.

వకుళ చేయి తగలని తిండి తింటూనే పిల్ల మెలికలు తిరిగిపోతోంది. ఆ మాటే డాక్టరుగారితో చెప్పాను. ఆయన టార్చి వేసి పిల్ల నోరు తెరిపించారు. చిగుళ్ల అంచున, పళ్లను ఆనుకుని సన్నటి నీలి గీత. సీసం ఒంట్లో చేరినప్పుడు కొందరిలో కనిపించే గుర్తు అది. ఆ జబ్బును లెడ్ పాయిజనింగ్ అంటారు.

“చారు దేంట్లో కాస్తావమ్మా?” అని అడిగారు.

“ఈయ చెంబులో సామీ. మా ఇండ్లల్లో దాంట్లోనే. లేకుంటే ఆ రుచి యాడ వస్తాది?”

ఈయం అంటే తగరం. మంచి తగరమైతే భయం లేదు. కానీ చారు నీళ్లు పోయకుండా పొయ్యి మీద పెడితే కరిగిపోతుంది.

“పాతది అట్నే కరిగిపోయినాది. మా అమ్మి పోయిన కొత్తల్లో, పొయ్యి మీద పెట్టి మరిచిపోయినాను. ఇది తిరపతిలో సగం రేటుకే అగ్గవగా వస్తే తీసుకున్నా. ఆమి వంట నమ్మలేక, బిడ్డని బడి కాడ్నించి మా ఇంటికే పిలిచి పెడతా వచ్చినా.”

“నువ్వు తాగవా?”

“అమ్మి పోయినాక నాకు మజ్జిగన్నమే సామీ.”

చెంబు తెప్పించి, డాక్టరుగారు దాని అంచును తెల్ల కాగితం మీద రుద్దారు. పెన్సిలుతో గీసినట్టు గీత పడింది. సీసం అలా గీత పెడుతుంది; చెంబు చేసినవాళ్లు తగరంలో దాన్ని కలిపారు. చింతపండు పులుపు దాన్ని చారులోకి లాగింది.

శేషమ్మ చెంబును చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. వకుళ లోపలికి వచ్చి, “అమ్మా, పొద్దున్నుంచి నువ్వేం తినలేదు” అంది. శేషమ్మ నావైపు తిరిగి, “ఆ చెంబు అమ్మినోడు ఎవురు పంపితే వచ్చినాడో” అంది.

ఆండాళును మద్రాసు పెద్దాసుపత్రికి పంపాం. వెంట వెళ్లింది వకుళే. పిల్ల తేరుకోవడానికి నెలలు పట్టింది. వకుళను పుట్టింటికి పంపే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కూతురు పోయిన మనిషికి దేనికైనా ఎవరో ఒకరు కారణం కావాలి. మా ఆయన పోయాక అది నాకు ఇంకొంచెం తెలిసింది. ఆ కేసు తర్వాత, కడుపునొప్పితో పిల్లలు వస్తే ఏ గిన్నెలో వండారని అడిగేదాన్ని. చాలామంది ముందు ఎవరు వండారో చెప్పేవారు.